మిట్టపల్లాల బాట

విశాఖపట్నమనగానే చూడవచ్చినవారికి సముద్రం గుర్తుకు వస్తుంది. ఓడరేవు, ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తాయి. ఈ ఊరిలో సైకిలు తొక్కేవారికి మాత్రం ముందుగా గుర్తుకు వచ్చేది కొండ. తూర్పు కనుమలు ఇక్కడ సముద్రపు అంచుదాకా నడిచి వచ్చాయి. ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండ, వెనుక సింహగిరి. వీటి నడుమ ఊరు పరచుకొని ఉంది. అందుచేత ఇక్కడ ఏ దిక్కుకు బయలుదేరినా కొంతసేపటికి ఎక్కుడు తప్పదు. ఎక్కినవాడికి దిగుడూ తప్పదు. ఈ మిట్టపల్లాల మీద పదేళ్లుగా సైకిలు తొక్కుతూ నేను తెలుసుకొన్న సంగతులను మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సైకిలు మా ఇంటికి వ్యాయామ సాధనంగా రాలేదు, జీవనాధారంగా వచ్చింది. మా నాన్నగారు హిందుస్థాన్ షిప్‌యార్డులో కార్మికులు. 1941లో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్థాపించిన ఓడల నిర్మాణశాల అది. ఆ కంపెనీ పేరే ఆ ప్రాంతానికి 'సింధియా' అని స్థిరపడిపోయింది. స్వతంత్రం వచ్చాక 1948లో 'జల ఉష' అనే ఓడను నెహ్రూగారు అక్కడే జలప్రవేశం చేయించారు. నా చిన్ననాట షిఫ్టు మారే వేళ యార్డు గేటు తెరుచుకోగానే వందల సైకిళ్లు ఒక్కసారిగా రోడ్డుమీదికి వచ్చేవి. ప్రతి సైకిలు హ్యాండిలుకూ ఒక క్యారేజీ. ముందు చక్రానికి డైనమో దీపం. లారీలు కూడా ఆ ప్రవాహం సాగిపోయేదాకా ఆగేవి. ఆనాడు రోడ్డు మీద అధిక సంఖ్యాకులు సైకిలువారే.

నాకు నలభై అయిదు దాటిన తరువాత వైద్యులు రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నదని చెప్పి, మందులతోపాటు శరీరానికి శ్రమ కూడా కావాలన్నారు. నడక నాకు అబ్బలేదు. నాన్నగారి సైకిలు ఎప్పుడో తుక్కులోకి వెళ్లిపోయింది. గేర్లు గల కొత్త సైకిలు ఒకటి కొన్నాను. ప్రబంధాల మీద పరిశోధన చేసి పట్టం పొందినవాడికి గేరు మర్మం వెంటనే బోధపడలేదు. మా కళాశాలలో గణితం బోధించే మిత్రులొకరు అప్పటికే సైకిలు ప్రియులు. వారు నల్లబల్లమీద రెండు వలయాలు గీసి చెప్పారు: "ముందు పళ్లచక్రం చిన్నది, వెనుక పళ్లచక్రం పెద్దది చేసుకొంటే కాలు ఎక్కువసార్లు తిరుగుతుంది, బండి తక్కువ దూరం పోతుంది. అంటే బరువును చిన్నచిన్న ముక్కలుగా కోసుకొని మోస్తున్నావన్నమాట. గేరు నీ శ్రమను తగ్గించదు, పంచిపెడుతుంది." పెద్ద గ్రంథాన్ని పుటలుగా విడదీసి చదువుకొనే విద్యార్థికి ఈ మాట సులభంగా అర్థమవుతుంది.

దారిని వర్ణించటం మన సాహిత్యానికి కొత్త కాదు. కాళిదాసు 'మేఘసందేశం' ఒక విధంగా మార్గదర్శిని. రామగిరి మీది యక్షుడు మేఘానికి అలకాపురానికి పోయే దారి చెబుతాడు. అలసినప్పుడల్లా కొండ శిఖరాల మీద విశ్రమించమంటాడు. చిక్కిపోయినప్పుడల్లా ఏటినీరు తాగి సాగమంటాడు. సైకిలు ప్రయాణికుడికి నేటికీ ఇంతకుమించిన సలహా లేదు. దాహం వేయకముందే నీరు తాగాలి, కాళ్లు మొరాయించకముందే ఆగాలి.

విశాఖలో తొలిపాఠం భీమిలి దారి. సముద్రతీరం వెంట పాతిక, ముప్పయి కిలోమీటర్ల ప్రయాణం. కైలాసగిరి పాదం దగ్గర తెన్నేటి పార్కు వద్ద కొండ రోడ్డును సముద్రం మీదికి నెట్టినట్లుంటుంది. తరువాత రుషికొండ, ఎడమవైపున బౌద్ధభిక్షువులు నివసించిన తొట్లకొండ, ఆపైన ఎర్రమట్టి దిబ్బలు, చివర గోస్తనీనది సముద్రంలో కలిసే చోట భీమునిపట్నం. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు అది. డచ్చివారి సమాధులు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. ఈ దారిలో మిట్టలు చిన్నవి. అసలు పరీక్ష గాలిది. మన తీరం నైరుతి నుండి ఈశాన్యానికి సాగుతుంది. వేసవిలోనూ, వానకాలంలోనూ నైరుతి గాలి వీపును తోస్తుంటే భీమిలి చేరటం తెలియదు. తిరుగు ప్రయాణంలో అదే గాలి రొమ్ముకు ఎదురు నిలుస్తుంది. వెళ్లేటప్పటి వేగం తన సత్తువేనని నమ్మినవాడికి వచ్చేటప్పుడు నిజం తెలుస్తుంది.

కైలాసగిరి ఎక్కుడు పొడవైనది కాదు, నిటారైనది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు నగరంలోని చెట్లన్నీ విరిగి పడ్డాయేమో అనిపించింది. నేను సైకిలు కొన్న తొలిరోజుల్లో ఆ కొండ మీద మోళ్లు, బోడితిన్నెలు తప్ప నీడ లేదు. కారులో పోయేవారికి ఆ భేదం అంతగా తెలియకపోవచ్చు. మలుపు మలుపుకూ ఎండ నెత్తిన మోసుకొని ఎక్కేవాడికి ఒక్క చెట్టు విలువ ఎంతో తెలుస్తుంది. తరువాతి సంవత్సరాలలో నీడ కొంచెం కొంచెంగా ఆ దారికి తిరిగి రావటం నేను నా చెమటతో కొలుచుకొన్నాను.

సింహాచలం దారి వేరు. అది దేవుని కొండ, తెలుగు వచనానికి కూడా కొండ. తెలుగులో తొలి వచన రచనలలో ఒకటైన కృష్ణమాచార్యుల 'సింహగిరి వచనాలు' ఈ స్వామిని సంబోధించినవే. కళింగ దండయాత్ర కాలంలో 1516లోనూ, మరల 1519లోనూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చినట్లు ఆలయ శాసనాలు తెలుపుతున్నాయి. ఏటా ఆషాఢ పూర్ణిమకు లక్షలాది భక్తులు ఈ కొండచుట్టూ సుమారు 32 కిలోమీటర్లు కాలినడకన గిరి ప్రదక్షిణ చేస్తారు. ఆ రాత్రి నగరంలోని పెద్దరోడ్లన్నీ నడిచేవారివే. పసిపిల్లలను భుజాన వేసుకొన్న తల్లులు, కర్ర ఊతగా నడిచే వృద్ధులు, దారి పొడుగునా మజ్జిగ, పులిహోర పంచే గృహస్థులు. మామూలు రోజుల్లో అదే చుట్టు సైకిలు మీద రెండు గంటల పని. కాని ఒక్కసారైనా పాదాలతో చుట్టినవాడికి ఆ రోడ్డు మరొక విధంగా కనిపిస్తుంది. ఏడాదిలో ఒక్క రాత్రి నగరం తన వేగాన్ని నడిచేవారి కోసం తగ్గించుకొంటుంది. అది సాధ్యమేనని అందరూ కళ్లారా చూస్తారు.

యారాడ దారి నాకు మిక్కిలి ఇష్టమైనది. మూడు వైపుల కొండలు, నాలుగోవైపు సముద్రం గల చిన్న ఊరు యారాడ. సింధియా వైపు నుండి కొండ ఎక్కి, ఆవలకు దిగితేనే ఆ తీరం కనబడుతుంది. ఎక్కేటప్పుడు వెనుకకు చూస్తే ఓడరేవు, నిలిచివున్న ఓడలు. శిఖరం దాటితే కొబ్బరితోటలు, వాటి ఆవల నీలిసముద్రం. దిగిపోవటం ఉత్సాహంగానే ఉంటుంది. తిరిగి ఇల్లు చేరాలంటే మాత్రం ఆ కొండనే మళ్లీ ఎక్కాలి.

నా పూర్వవిద్యార్థి ఒకడు ఉద్యోగరీత్యా స్పెయిన్ వెళ్లి, అక్కడి నుండి కొన్ని ఛాయాచిత్రాలు పంపాడు. మధ్యధరా సముద్రంలోని మయోర్కా ద్వీపంలో ట్రమొంతానా అనే కొండల వరుస ఉన్నది. ఆ కొండవాలుల మీద రైతులు తరతరాలుగా రాళ్లు పేర్చి కట్టిన గట్లను, తోటలను గుర్తించి 2011లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ సా కలోబ్రా అనే తీరానికి 1930ల్లో ఆంటోనియో పారియేట్టి అనే ఇంజనీరు వేసిన రోడ్డు ప్రపంచంలోని సైకిలు ప్రియులందరికీ తీర్థస్థానం. సుమారు 10 కిలోమీటర్ల పొడవు. నూరు మీటర్లు సాగితే సగటున ఏడు మీటర్లు ఎత్తు పెరిగే వాలు. ఒకచోట రోడ్డు మెడపట్టీ ముడివలె చుట్టుతిరిగి తన కిందినుండి తానే దూరిపోతుంది. ఆ దారి కూడా యారాడ వంటిదే: ముందు సముద్రానికి దిగాలి, తరువాత ఎక్కి రావాలి. ఆ చిత్రాలు చూసి మా గణిత మిత్రులు, "మనకూ ఒక కలోబ్రా ఉందండీ, మనమే దానికి పేరు పెట్టుకోలేదు" అన్నారు. పొరుగు దేశపు కొండను చూసి మన కొండను గుర్తించటం తప్పేమీ కాదు.

అన్నిటికంటె పెద్ద దారి అరకుది. విశాఖ నుండి శృంగవరపుకోట మీదుగా సుమారు 115 కిలోమీటర్లు. కోట దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట. ఈ పేర్లు బస్సులో పోయేవారికి స్టాపులు, సైకిలుమీద పోయేవాడికి అధ్యాయాలు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మనిషి, సైకిలు కలిపి 80 కిలోల బరువనుకొందాం. ఆ బరువును 900 మీటర్లు పైకి ఎత్తటానికి 7 లక్షల జౌళ్ల పని చేయాలి. మన కండరాలు తిన్న ఆహారంలో సుమారు నాలుగోవంతును మాత్రమే పనిగా మార్చగలవు. కాబట్టి ఎక్కుడు ఒక్కదానికే సుమారు 700 కిలో కేలరీలు కావాలి. దూరానికి, గాలికి, మధ్యలోని మిట్టపల్లాలకు అయ్యే ఖర్చు వేరు. ఈ లెక్క తెలిసినవాడు ఖాళీ కడుపుతో కొండ ఎక్కడు. మా సంచుల్లో అరటిపళ్లు, వేరుశనగ ఉండలు, ఉప్పు కలిపిన నిమ్మనీరు ఎప్పుడూ ఉండేవి.

దిగుడుకు మరొక శాస్త్రం ఉంది. ఎక్కుడులో కాలు అలుస్తుంది, దిగుడులో చూపు అలుస్తుంది. బ్రేకును బిగించి పట్టుకొనే ఉంటే చక్రపు అంచు వేడెక్కుతుంది. అందుకే మలుపుకు ముందే వేగం తగ్గించుకొని, మలుపులో బ్రేకు వదలాలి. వానకు కొండవాలు నుండి జారిన ఎర్రమట్టి మలుపుల్లో పరచుకొని ఉంటుంది. అక్కడ తొందరపడేవాడిని కొండ క్షమించదు.

ఆ ఘాట్‌కు తోడుగా కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం సాగుతుంది. బైలదిల్లా గనుల ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపటానికి 1960ల్లో నిర్మించిన మార్గమది. కొండలను తొలిచి వేసిన సొరంగాలు యాభైకి పైగా ఉన్నాయి. ఖనిజం నింపిన పెట్టెలు సముద్రంవైపు దిగిపోతుంటే మేము కొండవైపు ఎక్కుతుండేవాళ్లం. దారికి ఇరుపక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకొని ఎగబాకిన మిరియాల తీగలు, నీడన కాఫీ మొక్కలు. సంతరోజున గిరిజన స్త్రీలు తలమీద గంపలతో వరుసగా నడిచి వస్తుంటారు. మేము గేర్లు మార్చుకొంటూ ఆయాసపడే వాలుమీద వారు మాట్లాడుకొంటూ, నవ్వుకొంటూ సాగిపోయేవారు. ఒకసారి గాలికొండ దగ్గర అలసి నిలబడితే ఒక అవ్వ తన గంపలోని సీతాఫలం నా చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే, "తిను నాయనా, ముందింకా ఉంది కొండ" అన్నది.

ఇక్కడ నాకు 'మనుచరిత్ర'లోని ప్రవరుడు గుర్తుకు వస్తాడు. సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకొని అతడు క్షణాల్లో హిమాలయం చేరాడు. లేపం మంచుకు కరిగిపోగానే తిరిగి ఇంటికి పోయే దారి తెలియక తల్లడిల్లాడు. ఎన్నో సంవత్సరాలు ఈ ఘట్టాన్ని తరగతిలో వర్ణనల కోసం చెప్పాను. కొండదారులు తొక్కిన తరువాత దానిలో మరొక అర్థం తోచింది. ప్రవరుడి కాళ్లకు ఆ దారి తెలియదు. అతడు కొండను చేరాడేగాని కొండకు ప్రయాణం చేయలేదు. నేటి మోటారు వాహనం మనకందరికీ పాదలేపం. దానిని నిందించవలసిన పనిలేదు. రోగిని ఆసుపత్రికి చేర్చేది అదే. కాని అప్పుడప్పుడైనా కాళ్లకు దారి తెలియనివ్వాలి.

ఇంతవరకు ఆనందం చెప్పాను. దుఃఖం కూడా చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. 2018లో ఒక ఆదివారం తెల్లవారుజామున గణిత మిత్రులు జాతీయ రహదారి మీద ఒంటరిగా వెళుతున్నారు. వెనుక దీపం ఉన్నది, శిరస్త్రాణం ఉన్నది, రోడ్డు అంచునే ఉన్నారు. ఒక లారీ ఆయనను ఒరుసుకొంటూ దాటింది. పెద్దబండి వేగంగా దాటేటప్పుడు గాలి మొదట సైకిలును పక్కకు నెడుతుంది, మరుక్షణం లోపలికి లాగుతుంది. ఆ లాగుడుకు ఆయన పడిపోయారు. తొడ ఎముక విరిగింది. శస్త్రచికిత్స జరిగింది, లోపల ఉక్కుకడ్డీ వేశారు. ఆరునెలలు మంచంమీద ఉన్నారు. లారీ ఆగలేదు. ఆ తరువాత ఆయన భార్యాపిల్లలు సైకిలు మాట ఎత్తనివ్వలేదు. వారి భయం అన్యాయమైనదని నేననను. మా ఇంట్లోనూ అదే భయం ప్రవేశించింది. మూడునెలలు నా సైకిలు వరండాలోనే ఉండిపోయింది.

బాగుచేయించిన తన సైకిలును ఆ మిత్రులు మా కళాశాల రాత్రి కాపలాదారుకు ఇచ్చేశారు. అతడు గాజువాక అవతలి పల్లె నుండి ప్రతి సాయంత్రం అదే రహదారి మీద పద్దెనిమిది కిలోమీటర్లు వచ్చి, తెల్లవారి తిరిగి వెళ్లేవాడు. బస్సు అతని వేళలకు కుదరదు. మోటారు సైకిలుకు స్తోమతు లేదు. ఒకనాడు నేను ఉండబట్టలేక, "ఆ రోడ్డు మీద నీకు భయం లేదా?" అని అడిగాను. అతడు గేటు తాళం తీస్తూ, "బయం నేకేటి బాబూ! బయమేస్తే మీరు మానేత్తారు. నాను మానేత్తే డూటీకెవులెల్తారు?" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. మా వంటివారికి సైకిలు ఒక ఇష్టం. ఇష్టం లేనప్పుడు విడిచిపెట్టే స్వేచ్ఛ మాకుంది. అతనికి సైకిలు అన్నం. రేవు చుట్టుపక్కల, ఉక్కునగరం చుట్టుపక్కల, వెల్డరు, కూలీ, పాలవాడు, పేపరు కుర్రవాడు ఇంకా సైకిలు మీదే బతుకు ఈడుస్తున్నారు. వారికి మెరిసే దుస్తులు లేవు, వెనుక ఎర్రదీపం లేదు. వారి పడిపోవటం పత్రికలో రెండు పంక్తులకు కూడా నోచుకోదు. రోడ్డు వెడల్పవుతున్నకొద్దీ వారి దారి ఇరుకవుతున్నది. అంచున ఆగిన లారీలను తప్పించుకోవటానికి వారు రోడ్డు నడుమకు రావలసి వస్తుంది. అక్కడ వేగం వారికోసం కాచుకొని ఉంటుంది.

తెలుగు కవిత్వంలో మార్గమని, దేశి అని రెండు పద్ధతులున్నవని నన్నెచోడుడి కాలం నుండి చెప్పుకొంటున్నాము. సంస్కృతపు రాజబాట మార్గం. ప్రజల నోటి నడక దేశి. మన సాహిత్యం ఈ రెండింటికీ చోటిచ్చింది కాబట్టే వేయేళ్లు బతికింది. రోడ్డుకూ ఇదే న్యాయం వర్తించాలి. వేగంగా పోయేవారికి రాజబాట ఉండవచ్చు; నెమ్మదిగా పోయేవారి నడకకు అందులో చోటు లేకపోతే అది సగం ఊరి రోడ్డే అవుతుంది. సైకిలుకు, నడకకు ప్రత్యేకమైన అంచు, ఆ అంచు మీద బండ్లు నిలపకుండా చూసే శ్రద్ధ, రాత్రివేళ వెలుగు, మలుపుల్లో మట్టి తీసే మనిషి. ఇవి గొప్ప కోరికలేమీ కావు.

మూడునెలల తరువాత నేను తిరిగి సైకిలు ఎక్కాను. రహదారి మీద ఒంటరిగా పోవటం మానుకొన్నాను. మా కళాశాలలో సైకిలుపై వచ్చే ఉద్యోగులందరికీ అధ్యాపకులం చందాలు వేసుకొని వెనుక దీపాలు, మెరిసే పట్టీలు కొనియిచ్చాము. కాపలాదారు మొదట సిగ్గుపడ్డాడు. తరువాత తన పల్లెలోని మరో నలుగురికి కావాలని అడిగి తీసికొన్నాడు. గణిత మిత్రులు ఇప్పుడు చేతికర్రతో నడుస్తారు. అరకు ప్రయాణమంటే ఎత్తుల లెక్క ఆయనే వేసి ఇస్తారు, మేము తొక్కుతాము.

ప్రియ విద్యార్థులారా! మీలో చాలామందికి రేపో మాపో మోటారు వాహనం చేతికి వస్తుంది. అందులో తప్పు లేదు. మీరు విహారయాత్రకు బస్సులో ఘాట్ ఎక్కుతున్నప్పుడు రోడ్డు అంచున గంపతో నడిచే అవ్వనో, క్యారేజీ తగిలించుకొని సైకిలు తొక్కే కార్మికుణ్ణో చూస్తారు. అప్పుడు పాట ఆపి ముందుకు వెళ్లి, డ్రైవరుగారితో "బాబాయ్, కొంచెం నెమ్మదిగా, కొంచెం దూరంగా" అని చెప్పండి. ఆ రెండడుగుల ఎడం మీద ఒక కుటుంబపు రాత్రి భోజనం ఆధారపడి ఉంటుంది.